ఆరని పెట్టె

తడిసిన బట్టని ఎండలో వేస్తే ఆరుతుంది. తడి కట్టెని పొయ్యి గట్టున పెడితే ఆరుతుంది. లక్క ఒక్కటే ఈ దారికి రాదు. చెట్టు బెరడుకి గాటు పెడితే కారే పాలు అది. ఎండ తగిలిందంటే మొండికేసి జిగటగానే ఉండిపోతుంది. దానికి చీకటి కావాలి, చెమ్మ కావాలి, గాలి కదలకూడదు. అప్పుడే రాయిలా గట్టిపడుతుంది. అందుకే చైనా దేశపు సుజౌలో లక్కపని చేసే ప్రతి ఇంట్లోనూ కిటికీ లేని గది ఒకటి ఉంటుంది. గోడలకి తడిగుడ్డలు వేలాడదీసి, నేలమీద నీళ్లు చిలకరించి, తలుపు బిగించేస్తారు. దాని పేరే చెమ్మ గది. పట్టపగలు వెళ్లినా చేతిలో దీపం ఉండాల్సిందే.

ఆ ఏడు ముసురు గట్టిగా పట్టింది. ప్లమ్ కాయలు పసుపెక్కే రోజుల్లో ఏటా పట్టేదే, కానీ ఈసారి వదలలేదు. బియ్యం ముక్కిపోయాయి. చెప్పులకి బూజు పట్టింది. పరుపులు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి. ఊరంతా వానని తిట్టుకుంటుంటే లక్కపని వాళ్లు మాత్రం లోలోపల మురిసిపోతున్నారు. ఇంత చెమ్మలో పూత ఇట్టే ఆరిపోతుంది మరి.

గు అనే ఇంటిపేరు గలవారింట్లో మాత్రం ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

ఆ ఇంటి పెద్ద కోడలు షూజెన్. కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారు చెమ్మ గది తాళంచెవి ఆమె నడుముకి కట్టింది. మొగుడు పోయినా తాళంచెవి పోలేదు. ఇప్పుడు తల సగం నెరిసింది. చెక్కుడు పని అంతా మరిది తింగ్‌షాన్‌ది, పూతపని ఆమెది.

ఈసారి వాళ్ల చేతికొచ్చింది మామూలు పని కాదు. చక్రవర్తి తల్లిగారు నీలం కాగితం మీద బంగారు సిరాతో స్వయంగా రాసిన బౌద్ధ సూత్రగ్రంథానికి పెట్టె. ఎర్ర లక్క పూత మీద పూత వేసి, వేలి మందాన పేర్చి, ఆ మందంలో తింగ్‌షాన్ తామరలు చెక్కాడు. తామరల కింద అలలు, పైన మేఘాలు, మూత మీద ఎదురెదురుగా రెండు మహానాగులు. చూస్తుంటే ఆ నాగుల పొలుసులు కదులుతున్నట్టే ఉంటాయి. ఏడాది పైబడి కష్టపడ్డారు. బయట అంతా అయిపోయింది. ఇక లోపల ఒక్క నల్లపూత. అంతే. చంటిపిల్లకి కాటుక పెట్టినంత పని.

ఆ ఒక్క పూతే ఆరడం లేదు.

షూజెన్ పూసింది. ఆరలేదు. గీకేసి మళ్లీ పూసింది. ఆరలేదు. లక్క పాడైందేమోనని కొత్త పీపా విప్పి, పట్టుగుడ్డలో పిండి వడకట్టి పూసింది. అదే లక్కని ఒక అన్నం గిన్నెకి పూసి పక్కనే పెట్టింది. మర్నాటికి గిన్నె గోటితో కొడితే ఖంగుమంది. పెట్టెలో వేలు పెడితే వేలంటుకుపోయింది. గిన్నెని తీసి గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకి.

“ఇవాళైనా ఆరిందా వదినా?” తలుపవతలి నుంచి తింగ్‌షాన్ అడిగాడు.

“ఓ, ఆరింది. నువ్వొచ్చి నాలుక పెట్టి చూడు. మళ్లీ ఊడొస్తే నన్నడుగు.”

“వడకట్టేప్పుడు లక్కలో నీళ్లేమైనా కలిశాయేమో...”

“కలిశాయి. నా కన్నీళ్లు. పోయి నీ ఉలులు నూరుకోవయ్యా.”

“ఉలికి పనేముంది, నా పని అయిపోయిందిగా.”

“అదే మరి! నీ పని అయిపోయింది, ఇది నా పని పడుతోంది!”

తింగ్‌షాన్ నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి దిగింది. అతనికి ఉబ్బసం. ముసురు పట్టిందంటే ఛాతీలో పిల్లి కూర్చుని గురగురలాడుతున్నట్టే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం సర్కారు కచేరీ నుంచి హాన్ వచ్చాడు. రాజధానికి పోయే సామాన్లని పడవెక్కించే బాధ్యత ఆయనది. గొడుగు గుమ్మంలో ఆనించి, ఎవరూ చెప్పకుండానే కూర్చుని, ఆకులో చుట్టి ఉడికించిన బంకన్నం ముద్ద ఒకటి విప్పుకుని తిన్నాడు.

“ఏమ్మా, మీ మహారాణి నిద్ర లేచిందా?” పెట్టెకి ఆయన పెట్టిన పేరు అది.

“రేపటికి ఆరుతుంది హాన్ గారూ.”

“కిందటిసారీ ఇదే మాట. రేపొక్కరోజే మిగిలింది, వినండి. ఎల్లుండి పొద్దున్నే పడవ. పెట్టె పడవెక్కకపోతే మీ మరిది కచేరీ మెట్లెక్కుతాడు.” ఆయన వేళ్లకంటిన అన్నం నాకి గొంతు తగ్గించాడు. “నేను బెదిరించడానికి చెప్పడం లేదు. మెడకి బొండకొయ్య బిగించి సంతవీధిలో నిలబెడతారు. తలుపంత చెక్క. చెయ్యి నోటికందదు, ఎవరో తినిపించాలి. పడుకోడానికుండదు. ఆ దగ్గు మనిషి ఎన్నాళ్లుంటాడు?”

తింగ్‌షాన్ వాకిట్లో నిలబడి వాన చూస్తున్నాడు. వినపడనట్టే ఉన్నాడు. కానీ అతని చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లడం షూజెన్ చూసింది.

హాన్ వెళ్లగానే ఆమె తలకి తడిగుడ్డ చుట్టుకుని చెమ్మ గదిలోకి వెళ్లింది. దుమ్ము రేగకూడదని అలా చుట్టుకుంటారు. తలుపు వేసింది. లోపల వాన చప్పుడు కూడా దూరంగా, వేరే ఊళ్లో కురుస్తున్నట్టుంది. లక్క పుల్లటి వాసన, నానిన గుడ్డల వాసన. దీపం చిన్నగా వెలుగుతోంది. బల్ల మీద పెట్టె, పక్కన బోర్లించిన మూత.

గీకుడు కత్తి తీసి అడుగున పెట్టి లాగింది. నల్లటి జిగట మీగడలా ముడతపడి పైకొచ్చింది. దానితో పాటు ఒక వెంట్రుక.

“కుంచె కూడా నా ప్రాణం తియ్యాలా?” అని గొణుక్కుంది. లక్క కుంచెలకి వెంట్రుకలే వాడతారు, అప్పుడప్పుడూ ఒకటి ఊడి పూతలో చిక్కుకోవడం మామూలే. కొస పట్టుకుని లాగింది. వచ్చింది. ఇంకా లాగింది. ఇంకా వచ్చింది. కుంచె వెంట్రుక వేలంత పొడవుంటుంది. ఇది మోచెయ్యి దాటింది... భుజం దాటింది... ఇంకా పెట్టె అడుగునే ఉంది దాని మొదలు.

విసుగ్గా గట్టిగా గుంజింది. తెగింది.

పెట్టె లోపల ఏదో చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకున్నట్టు... చిన్న చప్పుడు.

ఎలకేమో. చెమ్మ గదిలో ఎలక! అంతకంటే ఘోరం ఉందా? షూజెన్ దీపం ఎత్తి పెట్టెలోకి తొంగిచూసింది. ఏమీ లేదు. నల్లగా, నూతి నీళ్లలా మెరుస్తోంది. సరే, ఆరిందీ లేనిదీ చూద్దామనుకుంది. దానికి లక్కపని వాళ్లకో ఉపాయం ఉంది. నోరు దగ్గరపెట్టి ఊపిరి వదులుతారు. పూత మీద పడిన ఆవిరి నీలంగా మెరిసి చప్పున విడిపోతే ఆరుతోందన్నమాట. తెల్లగా నిలిచిపోతే ఇంకా పచ్చి.

ఆమె వంగింది. గుండెనిండా ఊపిరి పీల్చింది.

ఇంకా వదల్లేదు.

పెట్టె అడుగున ఆవిరి పట్టింది.

తెల్లగా... అరచేతంత పరుచుకుని... మెల్లగా చిన్నదై... పోయింది. మళ్లీ పట్టింది. మళ్లీ పోయింది. ఎవరో అటుపక్క మొహం ఆనించుకుని నిద్రపోతుంటే ఊపిరి వచ్చి పోతున్నట్టు.

షూజెన్ పీల్చిన ఊపిరి అలాగే బిగబట్టుకుంది. ఆవిరి ఆగింది. నిద్రపోతున్న వాళ్లు లేచి, వింటున్నట్టు... ఆగింది.

వెనక్కి తగ్గబోయి బల్ల కాలు తన్నుకుంది. బల్ల మీదున్న కొలత దిమ్మ దొర్లి ఆమె పాదం మీద పడింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొలత దిమ్మ అంటే మరేం లేదు. అసలు గ్రంథం రాజధానిలో ఉంటుంది కదా, పెట్టె ఇక్కడ చేస్తారు. అందుకని గ్రంథం కొలతకి చెక్కదిమ్మ ఒకటి చేసి, లోపల పెట్టి, మూత బిగించి చెక్కుతారు. లేకపోతే వానాకాలం పెట్టె వంకర తిరిగిపోతుంది. నెలల తరబడి ఆ దిమ్మ అందులోనే ఉంటుంది.

దాన్ని చేతిలోకి తీసుకున్న షూజెన్ ఉలిక్కిపడింది. గదిలో ఉన్నదల్లా తడిసి ముద్దయి ఉంది. ఈ దిమ్మ మాత్రం ఎండుటాకులా పొడిగా ఉంది. దీపం దగ్గర పెట్టి చూసింది. పాత చెక్క. అగరు పొగ పీల్చి పీల్చి నల్లబడిన చెక్క. వాసన చూస్తే పూజగది వాసన. ఒక అంచున చిత్రిక సరిగా పడలేదు. అక్కడ బంగారు రంగు గీత ఒకటి మిగిలి ఉంది. ఏదో అక్షరం తోక.

ఆమె తలుపు తోసుకుని బయటపడింది.

“తింగ్‌షాన్! ఈ చెక్క ఎక్కడిది?”

అతను దిమ్మ వంక చూసి తల తిప్పేసుకున్నాడు. “కట్టెల కొట్లోది.”

“కట్టెల కొట్లో బంగారు అక్షరాలు పండుతున్నాయా? చెప్పు!”

“కొత్త చెక్క చెమ్మ గది తడికి ఉబ్బిపోయేది వదినా. పొద్దున చేసిన కొలత సాయంత్రానికి ఉండేది కాదు. ఏళ్ల తరబడి ఎండిన చెక్కయితేనే నిలుస్తుంది. అలాంటిది ఇంట్లో ఇంకేముంది? అక్కడ దూలం వెనకాల ఊరికే పడి ఉంది కదా అని...”

“ఎవరిది?”

అతను దగ్గాడు.

“ఎవరి పేరుపలక తింగ్‌షాన్?”

“చెల్లిది.”

షూజెన్ దిమ్మని ఒళ్లోకి తీసుకుని గుమ్మంలో కూర్చుంది.

చనిపోయిన వాళ్ల పేరు చెక్కపలక మీద రాసి పెద్దల పీఠం మీద నిలబెట్టడం వాళ్ల ఆచారం. ఆ పలకే పోయినవాళ్లకి చోటు. అగరు వెలిగించినా, అన్నం పెట్టినా దానికే. కానీ పెళ్లికాకుండా పోయిన ఆడపిల్లకి పుట్టింటి పీఠం మీద చోటు లేదు. ఆమె చోటు మొగుడింట్లో. మొగుడే లేకపోతే? పలకని ఏ మూలో పెట్టి మర్చిపోతారు. తింగ్‌షాన్ చెల్లెలు యున్‌షియా పలకని అలాగే కట్టెల కొట్లో దూలం వెనక పెట్టారు. అత్తగారు బతికున్నన్నాళ్లూ అక్కడే చాటుగా అగరు వెలిగించేది.

షూజెన్ కాపురానికి వచ్చేటప్పటికి యున్‌షియా పదహారేళ్ల పిల్ల. వదిన వెంట తోకలా తిరిగేది. ఆ పిల్ల ఒంటికి లక్క పడేది కాదు. చేతులు దద్దుర్లు, మొహం వాపు. గోళ్లతో రక్కుకునేది. ఇల్లు ఇరుకు, ఉన్న గదులన్నీ పనికే చాలవు. పెళ్లిచూపుల వాళ్లు వస్తే ఆ మొహం కనపడకుండా చెమ్మ గదిలో పెట్టి తలుపేసేవారు. రాత్రి పక్క కూడా దాని గోడవారనే. “పెళ్లయితే నాకో గది ఇస్తారు కదా వదినా? తలుపున్న గది. నేనే మూసుకునేది” అని అడిగేది. ఆ వానాకాలమే జ్వరం వచ్చి పోయింది.

“నెలల తరబడి దాన్నందులో పెట్టి మూత వేశావురా,” అంది షూజెన్. ఎన్నడూ మరిదిని ‘రా’ అనలేదు. “సూత్రాల పెట్టె అంటే ఏమిటి? ఇల్లు. అందులో ముందు ఎవర్ని పడుకోబెడితే వాళ్లదే అవుతుంది. ఇప్పుడు దాన్ని లేవమంటే లేస్తుందా?”

“వదినా, మెల్లగా...”

“ఏం మెల్లగా! ఏడాది కష్టం, నీ మెడ, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి!”

ఇద్దరూ దీపం పట్టుకుని లోపలికి వెళ్లారు. తింగ్‌షాన్ అగరుపుల్ల వెలిగించాడు. చెమ్మకి రెండుసార్లు ఆరిపోయింది. మూడోది అంటుకుంది. షూజెన్ పలకని రెండు చేతులా పెట్టె ముందు పట్టుకుంది.

“యున్‌షియా,” అని గుసగుసగా పిలిచింది. “నేనమ్మా, వదినని. బయటికి రా తల్లీ. ఇది మనది కాదు.”

ఏమీ లేదు. ఎక్కడో చూరు నుంచి నీళ్లు పడుతున్నాయి. టప్... టప్...

“రామ్మా. అన్నయ్య మీద దయ చూడు.”

గరగర.

చాలా మెల్లగా. గోళ్లతో ఒంటిని రక్కుకుంటున్నట్టు. పెట్టెలోంచే.

“వదినా,” తింగ్‌షాన్ ఆమె మోచెయ్యి పట్టుకుని లాగాడు. “మూత...”

బోర్లించిన మూత బల్ల మీద వెల్లకిలా తిరిగి ఉంది. ఎవరు తిప్పారు? చూస్తుండగానే అంగుళం జరిగింది. ఆగింది. ఇంకో అంగుళం... పెట్టె అంచుకి తగిలి ఆగిపోయింది. లోపలి నుంచి ఎవరో చెయ్యి చాచి అందక వదిలేసినట్టు.

తింగ్‌షాన్ పరిగెత్తాడు. షూజెన్ పరిగెత్తలేదు. కానీ ఆ భయం కింద ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. పెద్దల పీఠం మీద. అక్కడ మావగారి తాగుబోతు తమ్ముడికి కూడా చోటుంది.

ఆమె తిన్నగా ముందు గదిలోకి వెళ్లింది. పీఠం మీది పలకల్ని చేత్తో పక్కకి నెట్టింది.

“వదినా, ఏం చేస్తున్నావ్? వంశపెద్దలు ఒప్పుకోరు! కాళ్లు విరగ్గొడతారు!”

“విరగ్గొట్టనీ. నీ మెడకి కొయ్య పడబోతుంటే పెద్దలంటావేంటయ్యా? వాళ్లొచ్చి నీకు అన్నం తినిపిస్తారా?”

మధ్యలో యున్‌షియా పలకని నిలబెట్టింది. పేరుని చిత్రిక పట్టి తీసేసి ఉంటే ఏం, తనే సిరాతో మళ్లీ రాసింది. వేడన్నం పెట్టింది. “ఇదిగో నీ చోటు. ఎవరూ తియ్యరు. నేనున్నన్నాళ్లూ ఎవరూ తియ్యరు,” అంది. తర్వాత చెమ్మ గదిలోకి ఒక్కతే వెళ్లి, పెట్టె లోపలంతా గీకి చివరి పూత వేసింది. ఈసారి వెంట్రుక రాలేదు. ఆవిరి పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నందాకా తలుపు తియ్యలేదు ఇద్దరూ. తీసేసరికి పెట్టె లోపల అద్దంలా ఉంది. వేలు పెట్టింది. జారిపోయింది. గోటితో కొట్టింది. ఖంగుమంది. షూజెన్ అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తింగ్‌షాన్ పక్కన చతికిలబడి, “లక్కలో కన్నీళ్లు పడతాయి వదినా, దూరంగా ఏడువు,” అన్నాడు. ఏడుస్తూనే వీపు మీద ఒక్కటిచ్చింది.

ఎల్లుండి అన్న రోజు రానే వచ్చింది. హాన్ పొద్దున్నే దిగాడు. పెట్టె తిప్పి తిప్పి చూశాడు, మూత తీసి చూశాడు, మొహం చేటంతైంది. “మహారాణి లేచింది!” అన్నాడు. మూత వేసి, నాలుగు వైపులా కచేరీ ముద్ర ఉన్న కాగితాలు అంటించాడు. ఇక రాజధానిలో తప్ప దాన్ని ఎవరూ విప్పకూడదు. విప్పితే తల ఉండదు. ఇద్దరు కూలీలు కావడి కర్రకి మధ్యలో వేలాడదీసి, చెరో కొస భుజానికెత్తుకుని, మాటలు చెప్పుకుంటూ తేలిగ్గా ఎత్తుకుపోయారు.

కాలవ రేవు దాకా సాగనంపడానికి వదినా మరిదీ వెనకే నడిచారు. వాన వెలిసింది. చాలారోజుల తర్వాత వెలుగు. తింగ్‌షాన్ దగ్గు కూడా తగ్గింది.

వంతెన దగ్గరికొచ్చేసరికి కూలీల మాటలు ఆగిపోయాయి. రేవు మెట్ల దగ్గర వాళ్లు కావడి దించి నిలబడ్డారు. ఇద్దరి మెడలూ చెమటతో తడిసిపోయాయి.

“ఖాళీ పెట్టె అన్నారు కదమ్మా?” అన్నాడు ముందున్నవాడు, భుజం రుద్దుకుంటూ.

“ఖాళీదే,” అంది షూజెన్. నిన్నటిదాకా చంటిపిల్లలా చంకనేసుకుని తిప్పిన పెట్టె అది.

“మరి మెల్లగా, మెల్లగా అని దారి పొడుగునా చెప్తూనే ఉన్నారు?”

“ఎవరు?”

“మీరే కదమ్మా?” వాడు వెనక్కి తిరిగి ఆమె మొహం వంక చూశాడు. కావడి ఎత్తుకున్నాడు. కర్ర విల్లులా వంగింది.

షూజెన్ రెండు మెట్లు కిందికి దిగింది. చోటు ఇచ్చింది కదా! పీఠం మధ్యలో పెట్టింది కదా! ఇంకేం కావాలి ఆ పిల్లకి? పెట్టె పడవలోకి వెళ్తోంది. ఇప్పుడు అరిస్తే... ఏమని అరవాలి? ముద్ర విప్పమనా? లోపల ఎవరున్నారో చూడమనా? రాజమాత చేతిరాత పెట్టే చోట చచ్చినదాని పలక పెట్టామని చెప్పాలా?

“హాన్ గారూ!”

పడవ మీద నుంచి ఆయన తిరిగాడు. “ఏమ్మా? ఏమైనా మర్చిపోయారా?”

పక్కన తింగ్‌షాన్ ఊపిరి బిగబట్టాడు. అతని చెయ్యి మెల్లగా మెడ మీదికి పోయింది.

“ఏం లేదు,” అంది షూజెన్. “జాగ్రత్త.”

తాడు విప్పారు. పడవ గట్టుని వదిలి నాలుగు బారలు పోయిందో లేదో ఒక పక్కకి ఒరిగింది. పడవవాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారు. సరుకు సరిగ్గా సర్దలేదని ఒకడు, నువ్వే సర్దావని ఇంకొకడు. బియ్యం బస్తాలు ఒక్కొక్కటే మోసుకొచ్చి రెండో వైపు పేర్చడం మొదలుపెట్టారు. ఒడ్డున షూజెన్ చూస్తూ నిలబడింది.

బస్తాలన్నీ అటు చేరాయి. ఇటువైపు ఆ చిన్న పెట్టె ఒక్కటే మిగిలింది. అయినా నీళ్లు ఇటువైపు అంచునే నాకుతున్నాయి.